హాల్‌ష్టాటు : ఆల్ప్సు పర్వతములలోని యుప్పుపల్లె

ఆల్ప్సు పర్వతములన్న మాట వినినతోడనే మన విద్యార్థులు స్విట్జర్లాండును తలంతురు. భూగోళపాఠములలో నాపేరే తఱచుగ వచ్చుచుండుట దీనికి కారణము. కాని యాపర్వతపంక్తి ఫ్రాన్సునుండి తూర్పుగా ఆస్ట్రియా, స్లొవేనియా దేశములవఱకును వ్యాపించియున్నది. ఆస్ట్రియా దేశమున, సాల్జ్‌బుర్గు నగరమునకు తూర్పుగా, సాల్జ్‌కామర్‌గూట్ అను సీమ యొకటి కలదు. జర్మను భాషలో సాల్జ్ అనగా ఉప్పు. కామర్‌గూట్ అనగా రాజుగారి ఖజానాకు చెందిన భూమి. ఉప్పు త్రవ్వుట, వండుట, అమ్ముట యనునవి యెల్ల హాబ్స్‌బుర్గు చక్రవర్తుల చేతిలో నుండెను. 1930వ సంవత్సరమున మన దేశమున ఉప్పు సత్యాగ్రహ మేల జరిగెనో యెఱిగిన పిల్లలకు, ప్రభుత్వములకు ఉప్పుమీద నింత మక్కువ యెందులకని మేము వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఈసీమలో సరస్సులు డెబ్బదికి పైగా కలవని చెప్పుదురు. పూర్వము హిమయుగములందు గొప్ప మంచునదులు కొండలమీదనుండి మెల్లమెల్లగా జాఱుచు, తమ బరువుచేత లోయలను లోతుగా దొలిచివైచినవి. మంచు కరగిన పిమ్మట నాపల్లములలో నీరు నిలిచి సరస్సులైనవి. అందుచేతనే యివి వెడల్పు తక్కువయు లోతెక్కువయు గలిగి, ఒడ్డుననే నిట్టనిలువు కొండలతో నుండును. వీనిలో ట్రౌన్ సరస్సు 191 మీటర్ల లోతు గలది. ఆస్ట్రియా దేశమున దీనికంటె లోతైన సరస్సు లేదు. వోల్ఫ్‌గాంగు సరస్సు నొడ్డున నున్న దేవాలయములో, మీఖాయేల్ పాఖర్ అను శిల్పి 1481లో ముగించిన చెక్కడపు బల్లపీఠమును చూచుటకు యాత్రికులు నేటికిని పోవుచుందురు. బాడ్ ఇష్ల్ పట్టణము చక్రవర్తి ఫ్రాన్స్ యోసెఫు వేసవి విడిది; 1914 జూలై 28వ తేదీన సెర్బియాపై యుద్ధప్రకటనపత్రమున నాయన సంతకము చేసినది యక్కడనే. ఇవన్నియు చూడదగినవే. కాని మే మీవ్యాసమున నొక్క గ్రామమునుగూర్చియే విశేషముగ వ్రాయదలచితిమి.

ఆగ్రామము హాల్‌ష్టాటు. అక్కడికి పోవుటకు రైలుమార్గము 1877లో వేయబడెను. కాని రైలు సరస్సునకు తూర్పుదరిని ఆగును. గ్రామమో, పడమటిదరిని ఉన్నది. కావున యాత్రికులు బండి దిగి చిన్న యోడ నెక్కి సరస్సు దాటవలెను. నడినీటనుండి చూచినప్పుడు గ్రామము కొండకు కఱచుకొని యున్నట్లు కనబడును. చదునునేల లేదు. ఒక యింటి వెనుక మఱియొక యిల్లు మెట్టు మెట్టుగా పైకి పోవును. పూర్వ మొక యింటనుండి వేఱొక యింటికి పోవలెనన్నచో పడవమీదనైనను పోవలెను, లేదా పైయటకలగుండ సాగు నిఱుకు దారినైనను పోవలెను. 19వ శతాబ్దాంతమువఱకు నీయూరికి బండిబాటయే లేదు. శీతకాలమున కొండనీడ కారణముగ గ్రామములో కొంతభాగమునకు చాలదినములు ఎండయే తగులదు.

ఇట్టి చోట మనుష్యులేల కాపురముండిరని మా తరగతిలో నొక బాలు డడిగెను. మంచి ప్రశ్న. గ్రామముపైన, కొండలో, ఉప్పు కలదు. ఇంచుమించు 25 కోట్ల సంవత్సరముల క్రింద నాప్రదేశమున నిస్సారమైన సముద్రముండెను. దాని నీ రెండకు ఇగిరిపోగా, ఉప్పు పొరలుపొరలుగ మిగిలెను. తరువాత భూమి ముడుతలుపడి ఆల్ప్సు లేచినప్పుడు, ఆయుప్పుపొరలు నలిగి బంకమట్టితో గలసి కొండలోనికి జొచ్చెను. మనుష్యు లీయుప్పును సుమారు 7000 సంవత్సరములనుండి వాడుకొనుచున్నారని పండితుల మతము. 2003లో గని లోపల నొక చెక్కమెట్ల నిచ్చెన బయటపడెను. దాని మ్రానులోని వలయములను లెక్కించి చూడగా, ఆచెట్లు క్రీ. పూ. 1344 ప్రాంతమున నఱకబడినవని తేలెను.

చెక్క యింతకాలము చెడకుండ నుండుట యెట్లని యాశ్చర్యపడనక్కఱలేదు. మన యిండ్లలో ఊరగాయ చెడకుండుట కేది కారణమో దీనికిని అదియే. గనిలో పూర్వులు విడిచిన తోలుసంచులు, ఉన్నిగుడ్డల పేలికలు, పనిముట్ల పిడులు, వెలుతురుకై కాల్చిన చెక్కపుల్లల తుదలు, అన్నియు నుప్పులో నూరి నిలిచినవి. తుదకు గనివాండ్ర మలముసహితము నిలిచినది! 2021లో శాస్త్రజ్ఞులు దానిని పరీక్షించి, ఇనుపయుగమున నాపనివారు నీలిబూజు పట్టించిన జున్నును తినిరనియు, బార్లీ పానీయమును పులియబెట్టి త్రాగిరనియు కనిపెట్టిరి. చరిత్ర యనగా రాజుల పేరులే యని తలంచువారు దీనిని గమనింతురుగాక.

మఱియొక సంగతి వ్రాయుటకు మాకు మనస్సు కష్టముగనే యున్నది. గనిలో చిన్నపిల్లల పాదమునకు సరిపడు తోలుజోళ్లు దొరికినవి. పిల్లల యెముకలను పరీక్షింపగా, బరువులు మోయుటచేత నరిగిన గుఱుతులు కనబడినవి. అనగా చీకటిలో, చలిలో, చెక్కపుల్లల వెలుగున, మన క్రింది తరగతుల యీడు బిడ్డలు పనిచేసిరన్నమాట.

1846లో యోహాన్ గేయోర్గ్ రాంసవర్ అను గనియధికారి గ్రామముపైనున్న లోయలో ప్రాచీన సమాధులను కనుగొనెను. 1863వఱకు త్రవ్వించి, సుమారు 980 సమాధులను తెఱపించి, ప్రతిదానియందును ఏ వస్తువెక్కడ నున్నదో రంగుబొమ్మలు గీయించెను. ఆకాలమున ననేకులు బంగారము, కంచు దొరకినచాలునని మిగిలినదానిని పాఱవేయుచుండగా, ఈయన శ్రద్ధ మెచ్చదగినది. ఆత్రవ్వకములవలననే క్రీ. పూ. 800 మొదలు 450వఱకు గల మధ్యయూరపు నాగరకతకు హాల్‌ష్టాటు పేరు నిలిచినది. ఎనిమిదివందలమందికైన మించని పల్లె పేరు చరిత్రగ్రంథములలో నొక యుగమునకు పేరైనది.

కాలము గడచినకొలది ఉప్పు త్రవ్వు విధానము మాఱెను. గడ్డలుగ కొట్టి మోయుటకు బదులు, కొండలోని గదులలోనికి మంచినీరు వదలి, ఉప్పు కరగిన పిమ్మట నాయుప్పునీటిని క్రిందికి తెచ్చి పెద్ద పెనములలో మరగింపసాగిరి. మన నౌపడవంటి చోట్ల సముద్రపునీటిని మళ్లలో నిలిపిన, తక్కిన పని సూర్యుడు చేయును. ఆసీమలో నట్టి యెండ లేదు, కట్టెలే శరణ్యము. సముద్రపునీటిలో నూటికి మూడున్నర పాళ్లు ఉప్పుండగా, గనినీటిలో నిరువదియాఱు పాళ్లవఱకు నుండుట వారి భాగ్యము. అయినను చుట్టుప్రక్కల యడవులు చాలక, కట్టెలను ఉప్పుకడకు తెచ్చుటకంటె ఉప్పునీటినే కట్టెలకడకు పంపుట మేలని తలంచిరి. 1595 మొదలు 1607వఱకు, సుమారు 13,000 చెట్లబోదెలను నడుమ తొలిచి, ఒకదానితో నొకటి కూర్చి, ఎబెన్‌జే అను గ్రామమువఱకు సుమారు 40 కిలోమీటర్ల గొట్టము వేసిరి. యంత్రము లేదు, పల్లమునకు నీరు పాఱుటయే దాని బలము. నేటికిని ఆకొండల యుప్పునీరు గొట్టములద్వారా ఎబెన్‌జేకే పోవుచున్నది. ఆపాత గొట్టపుమార్గము వెంబడి కాలిబాట యున్నది. నడువగలవారు దానిని విడువరాదని మా యభిప్రాయము.

1734వ సంవత్సర మీగ్రామచరిత్రలో రెండు విధముల గుఱుతుంచుకొనదగినది. ఆయేట గనిలో నొక మనుష్యుని శరీర ముప్పులో నతుకుకొని కనబడెను. అతడు వేలయేండ్ల క్రింద గని కూలి చచ్చిన పనివాడు. అట్టి సంగతు లప్పటి వారికి తెలియవు గనుక, అతని శరీరమును శ్మశానమున నొక మూల పూడ్చిపెట్టిరి. సరిగ నాయేటనే, బ్రదికియున్న మనుష్యులను ఆసీమనుండి వెడలగొట్టుట మొదలయ్యెను. 16వ శతాబ్దమున లూథరు బోధ గనిపనివారిలో విశేషముగ వ్యాపించెను. తరువాత ప్రభువులు దానిని నిషేధింపగా, పెక్కు కుటుంబములు బయటికి కథోలికులవలె నుండుచు, ఇండ్లలో బైబిలును దాచి తరతరములు రహస్యముగ చదువుకొనిరి. 6వ చార్లెసు చక్రవర్తి వీరిలో కొన్నివందలమందిని ట్రౌన్, డాన్యూబు నదులమీద పడవలలో ట్రాన్సిల్వేనియాకు పంపించెను. పరరాజ్యమునకు పోనిచ్చిన పనివాండ్రు నష్టమగుదురు; ట్రాన్సిల్వేనియాలోనైన లూథరుమతమునకు అనుమతి యుండెను, జనము కావలసియుండెను. అదియే యాయన లెక్క. వారి సంతతివారిని లాండ్లరులందురు. రెండువందల యేబదియేండ్లకు పైగ వా రక్కడ తమ యాసను నిలుపుకొనిరి; 1989 తరువాత పెక్కుమంది జర్మనీకి తరలిపోయిరి.

1781లో 2వ యోసెఫు చక్రవర్తి సహనశాసనమును ప్రకటించెను. దానిచే ప్రొటెస్టంటులు ప్రార్థనాగృహములను కట్టుకొనవచ్చును గాని, వానికి గోపురముండరాదు, గంట యుండరాదు, వీథివైపు వాకిలి యుండరాదు. పూర్తి హక్కులు 1861లో గాని రాలేదు. హాల్‌ష్టాటు సంఘమువారు వెంటనే పనికి పూని, 1863 నాటికి సరస్సు నొడ్డుననే సన్నని యెత్తయిన గోపురముతో దేవాలయమును ముగించిరి. హాల్‌ష్టాటు బొమ్మ యెక్కడ చూచినను మొదట కనబడునది యాగోపురమే. దానిపైని మెట్టమీద పాత కథోలిక దేవాలయ మున్నది. నేడు రెండు సంఘములవారు నొకే శ్మశానమును వాడుకొనుచున్నారు.

ఆశ్మశానము మిక్కిలి చిన్నది; కొండయంచున నెంతచోటు దొరకునో యంతే. అందుచేత పదిపదునైదేండ్లకు సమాధిని తెఱచి, ఎముకలను తీసి, ప్రక్కనున్న పరిశుద్ధ మిఖాయేలు గుడిక్రింద భద్రపఱచుచుండిరి. కపాలములను శుభ్రపఱచి, ఎండలో తెల్లబడనిచ్చి, నుదుట చనిపోయినవారి పేరును తేదీని వ్రాసి, చుట్టు పువ్వులదండయో, ఆకులదండయో చిత్రించుచుండిరి. అట్టివి రమారమి 600 కలవు. కడపటిది 1995లో నుంచబడెను. చూచువారికి మొదట భయము కలుగవచ్చును. కాని తల్లిదండ్రుల పేరును మఱచిపోకుండుటకై బిడ్డలు చేసిన పని యిది. దీనిని వింతగా చూచి నవ్వుట తగదు.

1997లో ఐక్యరాజ్యసమితి విద్యావిజ్ఞాన సంస్కృతి సంస్థవారు ఈప్రదేశమును ప్రపంచవారసత్వముగ నెన్నిక చేసిరి. 2006లో నొక కొరియా టెలివిజన్ కథ యిక్కడ చిత్రింపబడుటతో తూర్పుదేశములవారు రాసాగిరి. 2012లో చైనాదేశపు గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రమున నీగ్రామమునకు నకలుగ్రామమే కట్టిరి! దానితో అసలుదానిని చూడవలెనను కోరిక మఱింత పెరిగెను. కొన్ని దినములలో పదివేలమంది వచ్చి పడుటయు కలదు. వాకిళ్లలోనికి తొంగిచూచువారు, కిటికీలయొద్ద ఫొటోలు తీయువారు, సమాధులమధ్య కేకలు వేయువారు వచ్చినచో గృహస్థు లెట్లు సహింతురు? 2020 నుండి యాత్రికుల బస్సులకు పరిమితి నేర్పఱచిరి. 2023లో గ్రామస్థు లొక చెక్కకంచె నడ్డముపెట్టి ప్రసిద్ధమైన దృశ్యమును మఱుగుపఱచి, నిందలు వచ్చినమీదట తీసివేసిరి. ఆ సంవత్సరము ఆగస్టులో సొరంగమార్గమున నిలిచి నిరసన తెలిపిరి. కాని యాత్రికుల సొమ్ముతోనే పెక్కు కుటుంబములు బ్రదుకుచున్నవి. గనిలో నేడు పని చేయువారు కొలదిమందియే. కావున నీచిక్కు సులభముగ విడునది కాదు. పైనున్న డాఖ్‌ష్టైను పర్వతపు మంచునదులుకూడ నేటేట తఱుగుచున్నవి.

అయినను ఆయూరు కేవలము బొమ్మకాదు. 1873లో స్థాపింపబడిన వృత్తివిద్యాశాల నేటికిని నడచుచున్నది. అందు విద్యార్థులు కొయ్యచెక్కడము, పడవనిర్మాణము, సంగీతవాద్యముల తయారీ నేర్చుకొందురు. పోదలచినవారు వేసవి మధ్యాహ్నమును విడిచి, ఒక రాత్రి యక్కడ నుండుట మేలు; పగటి యాత్రికులు సాయంకాలపు టోడ నెక్కి పోయినపిమ్మట నిఱుకు వీథులు నెమ్మదించును. నవంబరు మాసమున పోవువారికి సూర్యుడు కనబడకపోయినను, నడచుటకు చోటు దొరకును.