పరకాయ ప్రవేశం

ఒక దేహాన్ని విడిచి మరొక దేహంలో ప్రవేశించే విద్యను మన పూర్వులు పరకాయ ప్రవేశం అన్నారు. ఆదిశంకరులు అమరుక మహారాజు కళేబరంలో ప్రవేశించారనే గాథ లోకప్రసిద్ధం. ఇటువంటి గాథలలో దేహం పాతది, ప్రాణం కొత్తది. వచ్చిన ప్రాణం ఎంత శక్తిమంతమైనదైనా ఆ దేహపు హద్దులకు లోబడి మెలగవలసిందే. ఈ విద్యను తలపించే కార్యాన్ని మన కాలంలో విమాన నిర్మాతలు సాధించారు.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో జర్మనీ నిర్మించిన మెస్సర్‌ష్మిట్ 262, యుద్ధరంగంలో అడుగుపెట్టిన తొలి జెట్ పోరాట విమానం. 1942 జులై 18న అది జెట్ ఇంజన్లతో తొలిసారి ఎగిరింది. గంటకు సుమారు 870 కిలోమీటర్ల వేగం గల ఆ విమానాన్ని నాటి ప్రొపెల్లర్ విమానాలు అందుకోలేకపోయాయి. అయితే దాని ప్రాణం అల్పాయువు. జెట్ ఇంజన్ గాలిని పీల్చి, నొక్కి, ఇంధనంతో మండించి, ఆ వేడి వాయువును వెనుకకు చిమ్ముతుంది. ఆ మంటల నడుమ తిరిగే టర్బైన్ రెక్కలకు నికెల్, క్రోమియం వంటి లోహాల మేళవింపు అవసరం. యుద్ధంవల్ల జర్మనీకి అవి కరవైనాయి. అందువల్ల యూమో 004 అనే ఆ ఇంజన్ ఆయుర్దాయం సాధారణంగా పాతిక గంటలకు మించలేదు.

1993లో అమెరికాలో కొందరు నిపుణులు ఆ విమానానికి ప్రతిరూపాలు నిర్మించ సంకల్పించారు. మిగిలి ఉన్న ఒక అసలు విమానాన్ని మాతృకగా గ్రహించి, దానిని అనుసరించి దేహాన్ని సిద్ధపరిచారు. ప్రాణంగా జనరల్ ఎలక్ట్రిక్ వారి సి.జె. 610 ఇంజన్‌ను ఎన్నుకున్నారు. యూమో బరువు సుమారు 720 కిలోలు, దాని తోపుడు బలం సుమారు 900 కిలోలు. కొత్త ఇంజన్ బరువు సుమారు 180 కిలోలే అయినా, బలం దాదాపు 1,300 కిలోలు.

బరువు తగ్గడం మేలే కదా అని మనకు తోచవచ్చు. కాని విమానం త్రాసు వంటిది. ఒకచోట బరువు మారితే గురుత్వకేంద్రం జరిగి విమానం అదుపు తప్పే ప్రమాదం ఉంది. అందుచేత నిపుణులు యూమోను పోలిన లోహపు తొడుగును పోతపోసి, కొత్త ఇంజన్‌ను అందులో దాచారు. దానితో బరువు సమకూరింది, రూపమూ నిలిచింది.

తొలి ప్రతిరూపం 2002 డిసెంబరు 20న గగనమెక్కింది. మరుసటి నెలలోనే ఒక పరీక్షలో భూమిని తాకుతుండగా దాని చక్రపు కాలు విఫలమైంది. నిర్మాతలు నిరాశచెందక దానిని బాగుచేసి మళ్ళీ ఎగురవేశారు. ప్రాణం ఎంత బలిష్ఠమైనా ఒక్క అవయవం తడబడితే దేహమంతా కూలుతుందని ఆ ఘటన హెచ్చరించింది.

దీనికి విపర్యయమైన ఉదాహరణ చిత్తూరు సీమకు పొరుగునే ఉంది. బెంగళూరులో రూపొందిన మారుత్ యుద్ధవిమానం 1961 జూన్ 17న తొలిసారి ఎగిరింది. ధ్వనికి రెట్టింపు వేగాన్ని ఉద్దేశించి జర్మన్ నిపుణుడు కుర్ట్ టాంక్ నాయకత్వంలో దానికి రూపకల్పన చేశారు. తగిన ఇంజన్ లభించనందున తక్కువ బలం గల ఆర్ఫియస్ ఇంజన్లతో సరిపెట్టవలసి వచ్చింది. 1971 యుద్ధంలో అది దేశానికి సేవచేసినా, ఆశించిన వేగాన్ని మాత్రం అందుకోలేదు. అక్కడ ప్రాణం దేహాన్ని మించితే, ఇక్కడ దేహం ప్రాణాన్ని మించింది.

మంచి ఇంజన్‌కు మూలం మంచి లోహం. జర్మనీని బాధించిన కొరత మనకు రాకూడదనే దూరదృష్టికి నిదర్శనంగా, 1973లో హైదరాబాదులో స్థాపితమైన మిశ్ర ధాతు నిగమ్ నేడు వైమానిక రంగానికి ప్రత్యేక లోహాలను అందిస్తున్నది. విద్యార్థులారా! శక్తిని సంపాదించడం ఒక విద్య. దానిని మోయగల దేహాన్ని సిద్ధపరచి, హద్దెరిగి వినియోగించడం అంతకంటె గొప్ప విద్య.