పిన్నలకు సంగీతము నేర్పు సంఘము

ఈ దినము బారువ, సోంపేట, కవిటి తీరములోని సంఘములను మనస్సులో ఉంచుకొని, బీద పిల్లలకు సంగీతము నేర్పుటను గూర్చి మాట్లాడుకొందము.

బైబిలు దగ్గరున్నవారు మొదటి దినవృత్తాంతములు 25వ అధ్యాయము తీయండి. పేర్ల పట్టికే గదా అని చాలామంది దాటిపోయే అధ్యాయమిది. ఆసాపు, హేమాను, యెదూతూను అనువారి కుటుంబములు మందిరములో పాడుటకు ఏర్పాటైన సంగతి అందులో ఉన్నది. పాడుటలో నేర్పు పొందినవారి లెక్క 288. పన్నెండుమంది చొప్పున 24 వరుసలు. ఎవరి వంతు ఎప్పుడో తేల్చుటకు చీట్లు వేసినప్పుడు పిన్న అని, పెద్ద అని, గురువని, శిష్యుడని తేడా చూపలేదు. హేమానుకు పద్నలుగురు కుమారులే కాదు, ముగ్గురు కుమార్తెలును ఉన్నట్లు వ్రాయబడినది. నేర్చుకొంటున్న పిల్లలు కూడ ఆ లెక్కలోనివారే.

మనమేమో వేసవిలో వి.బి.ఎస్. పెట్టి కొద్ది దినములు పాడిస్తాము. క్రిస్మసుకు నాలుగు పాటలు బట్టీ పట్టించి వేదికమీద నిలబెడతాము. మంచిదే, కాని అది పాడించుట, నేర్పుట వేరు. నేర్చుకొన్న పిల్ల, నేర్పినవారు ఊరు విడిచిపోయినా, కొత్త పాటను తానే పట్టుకోగలదు.

"ఉద్దానములో కిడ్నీ జబ్బుతో ఇండ్లు అల్లాడుతున్నవి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను కొబ్బరి తోటలు కూల్చిపోయింది. ఇటువంటి చోట సంగీతమెందుకండీ?" అని ఎవరైనా అడుగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు విజయనగరములో ఉన్నది. అక్కడి మహారాజా వారి సంగీత కళాశాల 1919లో ఆరంభమైనది. కొలువులోని ఒక ఉద్యోగి కుమారుడు గ్రుడ్డివాడైనందున, అతనికి సంగీతము నేర్పించవలెనన్న తలంపుతోనే రాజావారు దానిని స్థాపించారని చెబుతారు. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి అధ్యక్షులు. తండ్రిని పోగొట్టుకొన్న ఘంటసాల అదే ఊరికి చేతిలో డబ్బు లేకుండా వచ్చారు. పట్రాయని సీతారామశాస్త్రి గారు రుసుము అడగకుండా పాఠము చెప్పారు. ఆ బాలుడు జోలె పట్టి ఇంటింట మధుకరమెత్తి కడుపు నింపుకొన్నాడు. ఆకలి తీరిన తరువాత నేర్చుకొందువుగాని అని ఆ గురువు అనలేదు. అయితే మన పిల్లలతో మనము జోలె పట్టించవద్దు. పాఠమునకు ముందు గుప్పెడు ఉడికిన సెనగలు పెట్టండి.

సాధనములు లేవని వెనుకాడనక్కరలేదు. పర్లాకిమిడి దగ్గర పుట్టిన పురుషోత్తమ చౌదరి గారి (1803–1890) పాటలు మన కీర్తనల పుస్తకములో ఉన్నవి. ఆ పుస్తకములో అనేక కీర్తనల పైన రాగము, తాళము అచ్చువేసి ఉన్నవి. ఎన్ని ఏండ్లుగానో ఆ అక్షరములమీదుగా మన కన్ను జారిపోతున్నది! పిల్లలకు ముందుగా ఆది తాళము చూపండి: ఒక దెబ్బ, చిటికెన వ్రేలినుండి మూడు వ్రేళ్లు, ఆపైన దెబ్బ, తిప్పు, మరల దెబ్బ, తిప్పు. మొత్తము ఎనిమిది. అది చేతిలో కుదిరిన తరువాతే స్వరము. కీబోర్డులో బటను నొక్కితే వచ్చే రిథమ్‌మీద నాకు పెద్ద నమ్మకము లేదు; పిల్లవాని చెయ్యి ఊరకుండిపోతుంది.

శ్రుతి సంగతి ముఖ్యము. పురుషులు తమకు అనుకూలమైన ఒకటి శ్రుతిలో పాడి పిల్లలను వెంట పాడమంటే, ఆ చిన్న గొంతులు క్రిందికి దిగలేవు. అందుకే కొందరు అరుస్తారు, కొందరు మూగబోతారు. అప్పుడు "వీనికి గొంతు లేదు" అని తేల్చివేస్తాము. అయిదు శ్రుతికి పెంచి చూడండి. హార్మోనియము లేకపోతే ఫోనులోనే తంబురా శ్రుతి వస్తుంది. ఉంటే మాత్రము ఉప్పుగాలికి రీడ్లు పాడవకుండ బట్ట చుట్టి పెట్టెలో ఉంచండి.

తరగతికి పన్నెండుమంది చాలు. అయిదు మొదలు ఎనిమిదేండ్ల వారికి అరగంట మించవద్దు. అయితే వారమేదైనా తప్పకూడదు. బాగా పాడేవారిని ఏరుకోవద్దు. తల్లి చేపల గంపతో సోంపేట వెళ్లినప్పుడు ఆరేండ్ల అక్క చంకలో తమ్ముణ్ణి ఎత్తుకొని వస్తుంది, వాణ్ణీ కూర్చోనివ్వండి. గుడికి వచ్చే ఇంటి పిల్ల అయినా, రాని ఇంటి పిల్ల అయినా ఒకే చాప. తల్లిదండ్రులు ఆరాధనకు రావలెనని షరతు పెడితే అది పాఠము కాదు, బేరము.

ఈ తీరపు తండ్రులు అనేకులు వేటకొరకు గుజరాతులోని వేరావల్‌కు పోయి నెలల తరబడి ఉంటారు. పిల్లలు నేర్చుకొన్న స్వరములు ఫోనులో వారికి వినిపించండి. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మన తీరములో వేట నిషేధము గనుక, ఇంట ఉన్న తండ్రులను తరగతికి పిలువండి. పదిమంది ఒక్క ఊపున వల లాగుటకు ఎప్పుడు పిలుపునివ్వవలెనో వారికి బాగా తెలుసు. ఆ సాయంత్రము తాళము వేసే పని వారికే అప్పగించండి.