మాట ఎవరిదో చెప్పకపోతే: కాలేజీ వ్యాసంలో రిఫరెన్సులు ఎలా ఇవ్వాలి?

మా ఖాలా కూతురు ఎంఏ ఇంగ్లీషు చివరి సెమిస్టర్. సాదత్ హసన్ మంటో కథల మీద డిసర్టేషన్ రాసింది. రెండు నెలలు రాత్రిళ్లు కూర్చుని రాసిన పేజీలన్నీ కాలేజీ వెనక్కి పంపింది. పైన పిన్ను చేసిన కాగితంలో 'సిమిలారిటీ 38 శాతం' అని ఉంది. ఖాలా నాకు ఫోన్ చేసి, "పిల్ల కాపీ కొట్టిందంటున్నారు బేటా. రాత్రంతా రాసేది, నా కళ్లారా చూశా కదా" అంది. ఆ ఇంట్లో పీజీ దాకా వెళ్లింది ఆ అమ్మాయే. ఆ కాగితంలో ఏముందో వివరించేవాళ్లు ఇంట్లో ఎవరూ లేరు.

వెళ్లి చూశాను. ఆమె కాపీ కొట్టలేదు. కానీ కొట్టినట్టే కనబడేలా రాసింది. కథలోంచి తీసుకున్న వాక్యాలకి కొటేషన్ గుర్తులు లేవు. విమర్శకులు చెప్పిన మాటలు తన మాటల్లో కలిసిపోయాయి. చివర్లో మాత్రం ఇరవై పుస్తకాల పేర్లు వరసగా ఉన్నాయి. "లిస్టు ఇచ్చాను కదా భాయ్" అంది. చాలామంది పిల్లలు ఆగిపోయేది ఇక్కడే. చివర్లో లిస్టు ఇస్తే సరిపోదు. ఏ వాక్యం ఏ పుస్తకంలోది, ఏ పేజీలోది అనేది ఆ వాక్యం పక్కనే ఉండాలి.

నేను చదివింది బీకాం. మాకు మొదట నేర్పేది, వోచర్ లేని ఎంట్రీ చెల్లదని. సంవత్సరం చివర్లో బిల్లులన్నీ సంచిలో పోసి ఇస్తే ఆడిటర్ ఊరుకోడు, ఏ ఎంట్రీకి ఏ బిల్లో చూపించమంటాడు. ఇదీ అంతే. ఆ మాటకొస్తే మన ఇళ్లలో ఇది కొత్త సంగతేం కాదు. హదీసు చెప్పేటప్పుడు ఎవరు ఎవరి దగ్గర విన్నారో ఆ సనద్ మొత్తం చెబుతారు. మధ్యలో ఒక్క పేరు తెగినా ఉలమా దాన్ని బలహీనం అంటారు.

ముందు శిక్ష సంగతి, ఇళ్లలో భయం దాని గురించే కాబట్టి. యూజీసీ 2018లో ప్లేజియరిజం మీద నిబంధనలు తెచ్చింది. పోలిక 10 శాతం లోపు ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 శాతం మధ్య ఉంటే సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి, దానికిచ్చే గడువు 6 నెలలు దాటకూడదు. 40 నుంచి 60 అయితే ఏడాది పాటు మళ్లీ ఇవ్వడానికి వీల్లేదు. 60 దాటితే ఆ కోర్సులో రిజిస్ట్రేషనే రద్దు. ఇవి పీజీ, పరిశోధన స్థాయి డిసర్టేషన్లకీ థీసిస్‌లకీ. డిగ్రీ పిల్లలు రాసే అసైన్‌మెంట్లు, వ్యాసాలు, ప్రాజెక్టు రిపోర్టులు ఈ శిక్షల కిందికి రావు. అక్కడ మార్కులు తగ్గించాలా, మళ్లీ రాయించాలా అనేది కాలేజీ చూసుకుంటుంది.

చాలామంది చూడని ఒక మాట ఆ నిబంధనల్లోనే ఉంది. ఎవరిదో చెప్పి, కొటేషన్‌లో పెట్టిన భాగాన్ని లెక్కలోంచి తీసేయాలి. రిఫరెన్సుల లిస్టునీ తీసేయాలి. వరసగా 14 పదాల దాకా యాదృచ్ఛికంగా కలిసినా, అందరికీ తెలిసిన విషయమైనా పట్టించుకోరు. ఇది విని కొందరు పదిహేనో పదం మార్చేస్తే చాలనుకుంటున్నారు. మెషీన్‌ని దాటొచ్చేమో, కానీ వైవా రోజు ఎదురుగా కూర్చునేది మనిషి.

మా అమ్మాయి 38 శాతంలో ఎక్కువ భాగం గుర్తులు పెట్టని కొటేషన్లే.

ఇక రాసే పద్ధతి. ఇంగ్లీషు సాహిత్యం డిపార్ట్‌మెంట్లలో ఎక్కువగా అడిగేది ఎంఎల్ఏ పద్ధతి. దాని హ్యాండ్‌బుక్ 9వ ఎడిషన్ 2021లో వచ్చింది. సూత్రం చిన్నది. వాక్యం చివర బ్రాకెట్లో రచయిత ఇంటిపేరు, పేజీ నంబరు, మధ్యలో కామా లేకుండా. పన్నెండో పేజీ అయితే (మంటో 12). వాక్యంలోనే మంటో పేరు చెప్పేస్తే బ్రాకెట్లో 12 చాలు. మీరు తీసుకున్న వచనం మీ పేజీలో నాలుగు లైన్లు దాటితే కొటేషన్ గుర్తులు తీసేసి, అర అంగుళం లోపలికి జరిపి విడిగా పెట్టాలి. కవిత్వమైతే మూడు లైన్లు దాటితే చాలు. చివరి లిస్టులో పేర్లు అక్షర క్రమంలో ఉంటాయి. ముందు రచయిత, తర్వాత కొటేషన్లో కథ పేరు, ఇటాలిక్స్‌లో పుస్తకం పేరు, అనువాదకుడు, ప్రచురణ సంస్థ, సంవత్సరం, పేజీలు.

అనువాదకుడి పేరు దగ్గరే మా అమ్మాయి గట్టిగా ఇరుక్కుంది. 'టోబా టేక్ సింగ్' అని, 1955 అని రాసి వదిలేసింది. మంటో రాసింది ఉర్దూలో. ఈమె ఎత్తి రాసింది ఇంగ్లీషు వాక్యాలు. మరి ఆ ఇంగ్లీషు ఎవరిది? చూస్తే ఒక వాక్యం ఖాలిద్ హసన్ అనువాదంలోది. ఇంకోటి కొలంబియా యూనివర్సిటీ సైటులో ఫ్రాన్సిస్ ప్రిచెట్ పెట్టినది. మూడోది ఎక్కడిదో ఆమెకే గుర్తులేదు. ఇది చిన్న తేడా కాదు. ఖాలిద్ హసన్ కొన్నిచోట్ల మూలాన్ని కుదించాడని, మార్చాడని విమర్శలున్నాయి. ఆయన వాడిన ఒక పదం పట్టుకుని 'మంటో ఇలా అన్నాడు' అని పేజీ రాస్తే, మంటో అనని మాట మీద పేజీ రాసినట్టే. మన పిల్లల్లో చాలామందికి ఉర్దూ వస్తుంది. మూలం తీసి పక్కన పెట్టుకుని చూడొచ్చు. వేరే పిల్లలకి లేని సౌకర్యం అది, ఎందుకు వాడుకోరో నాకర్థం కాదు.

సొంత మాటల్లో రాసినా ఆలోచన ఇంకొకరిదైతే పేరు చెప్పాల్సిందే. దేశ విభజన 1947లో జరిగిందనడానికి అక్కర్లేదు. మంటో ఆ పిచ్చాసుపత్రిని ఎందుకు ఎంచుకున్నాడో ఒక విమర్శకుడు చెప్పిన కారణాన్ని వాడుకుంటే మాత్రం అవసరం. ఆ విమర్శకుడి పుస్తకం మీరు చూడలేదు, వేరే పుస్తకంలో ఆయన మాట చదివారు అనుకోండి. అదే రాయండి, ఫలానా పుస్తకంలో ఉటంకించినట్టు అని. చదవని పుస్తకం చదివినట్టు లిస్టులో పెట్టడం పిల్లలకి తప్పుగా అనిపించదు. గైడు ఆ పుస్తకం గురించి ఒక్క ప్రశ్న అడిగితే చాలు, బయటపడుతుంది.

ఖురాన్ ఆయత్ వాడితే సూరా నంబరు, ఆయత్ నంబరు, ఎవరి అనువాదమో రాయాలి. హదీసుకి ఏ సంకలనమో, ఏ ప్రచురణో కూడా చెప్పాలి, ఎందుకంటే నంబర్లు ప్రచురణని బట్టి మారతాయి.

షేర్లతో మరీ జాగ్రత్త. 'సర్ఫరోషీ కీ తమన్నా' గజల్ రామ్ ప్రసాద్ బిస్మిల్ రాశాడనే ఎక్కువమంది అనుకుంటారు. ఆయన నోట అది దేశమంతా పాకింది నిజమే, కానీ రాసింది పట్నాకి చెందిన బిస్మిల్ అజీమాబాదీ. తఖల్లుస్ ఒకటే కావడంతో పేరు మారిపోయింది. తెలుగు కథ మీద రాసేవాళ్లకి శ్రీకాకుళం కథానిలయం ఉంది. కారా మాస్టారు 1997లో మొదలుపెట్టిన ఆ సంస్థ సైటులో పాత పత్రికల్లో అచ్చయిన కథలు దొరుకుతాయి. ఏ పత్రిక, ఏ తేదీ అనేది అక్కడ చూసుకోవచ్చు. చాట్‌బాట్‌ని మాత్రం రిఫరెన్సులు అడక్కండి. లేని పుస్తకానికి పేజీ నంబరుతో సహా చెబుతుంది.

మా అమ్మాయి మూడు వారాలు కూర్చుంది. లైబ్రరీకెళ్లి ప్రతి కొటేషన్‌కీ పేజీ వెతుక్కుంది. నోట్సు రాసుకున్న రోజే పేజీ నంబరు వేసుకుని ఉంటే ఇదంతా రెండు రోజుల పని. మళ్లీ ఇచ్చినప్పుడు రిపోర్టులో 7 శాతం వచ్చింది. ఫైజ్ పేరుతో వాట్సాప్‌లో వచ్చిన ఒక షేర్ చివరి అధ్యాయం మొదట్లో ఉండేది. ఎంత వెతికినా ఫైజ్ పుస్తకాల్లో దొరకలేదు. దాన్ని తీసేసే ఇచ్చింది.