విమానాశ్రయము నుండి నగరమునకు

ఢిల్లీలో బయలుదేరిన విమానము సుమారు రెండు గంటలలో హైదరాబాదు చేరును. అందుండి దిగిన ప్రయాణికునకు శంషాబాదు విమానాశ్రయము నుండి నగరములోని తన యింటికి పోవుటకు, రద్దీ వేళలయందు, ఒక్కొక్కప్పుడు మరి రెండు గంటలు పట్టుట కలదు. వినుటకు ఇది వింతగా నుండును. ఆకాశములో త్రోవ చూచుకొను భారము విమానచోదకునిది. నేలపై కాలు మోపిన క్షణము నుండి ఆ భారము మనది. ఈ మిగిలిన కొద్ది దూరమును గూర్చియే మీకు కొంత చెప్పదలచితిని.

విమానాశ్రయము ఊరికి ఇంత దూరమున ఎందుకున్నదని మీరు అడుగవచ్చును. పూర్వము అది బేగంపేటలో నుండెడిది. నిజాము కాలమున, 1930వ దశకములో, దానిని ఏర్పరచినప్పుడు అది ఊరి వెలుపలి మైదానమే. క్రమముగా నగరము పెరిగి దానిని నలుదెసల చుట్టుకొనెను. పెద్ద విమానములు దిగుటకు రన్‌వే పొడిగింపవలెనన్న అచ్చట చోటు లేకపోయెను. అందుచేత శంషాబాదు వద్ద సుమారు 5,500 ఎకరముల నేలలో కొత్త విమానాశ్రయమును నిర్మించిరి. 2008 మార్చి 14వ తేదీన దానికి ప్రారంభోత్సవము జరిగినది. అదే నెల 23వ తేదీ నుండి విమానముల రాకపోకలు మొదలైనవి. అందలి పెద్ద రన్‌వే పొడవు 4,260 మీటర్లు, అనగా నాలుగు కిలోమీటర్లకు మించినది. ఇంత నేల నగరము నడుమ ఎక్కడ దొరకును? బేగంపేటలో దిగినవారు ఆటో ఎక్కి పావుగంటలో అమీర్‌పేట చేరెడివారు. నేడు నగరమునకు దక్షిణముగా సుమారు 24 కిలోమీటర్ల దూరమున దిగుచున్నారు. విమానములకు కలిగిన సౌకర్యమునకు మనము చెల్లించు మూల్యము ఈ దూరమే.

ఈ దూరమును దాటుటకు ముఖ్యముగా రెండు మార్గములు కలవు. మొదటిది బెంగుళూరు రహదారి వెంట ఆరాంఘర్ వరకు వచ్చి, అచ్చట పి.వి. నరసింహారావుగారి పేర వెలసిన వంతెన దారి నెక్కుట. స్తంభములపై రమారమి 11.6 కిలోమీటర్ల పొడవున సాగు ఆ దారి 2009వ సంవత్సరము అక్టోబరు నెలలో తెరువబడినది. క్రింద బజారులు, బండ్లు, కూడలులు నుండగా, పైని వాహనములు ఆగకుండ మెహిదీపట్నము చేరును. రెండవది నగరము చుట్టును 158 కిలోమీటర్లు తిరిగివచ్చు బాహ్య వలయ రహదారి. శంషాబాదు వద్ద దాని నెక్కి పడమరగా పోయినచో గచ్చిబౌలి, తూర్పుగా పోయినచో విజయవాడ రహదారిపై నున్న పెద్ద అంబర్‌పేట తగులును. ఈ దారిపై టోలు రుసుము కలదు.

కావున ‘హైదరాబాదు పోవలెను’ అను మాట ఇచ్చట చాలదు. సికింద్రాబాదు పోవువారి దారి వేరు, గచ్చిబౌలి పోవువారి దారి వేరు, ఎల్.బి. నగరము పోవువారి దారి వేరు. తాను చేరవలసిన పేట ఏ దిక్కున నున్నదో విమానమెక్కక ముందే తెలిసికొనినవాడు, దిగిన పిదప పదిమందిని అడుగవలసిన పని లేకుండ బయటికి వచ్చును.

బయట నిలిచియుండు బస్సుల పేరు పుష్పక్. రోడ్డు రవాణా సంస్థవారు విమానాశ్రయమునకే ప్రత్యేకించిన చల్లని బస్సులివి. కుబేరుని వద్దనుండి రావణుడు లాగికొనిన పుష్పక విమానము మీకు తెలిసినదే. ఎందరెక్కినను అందు మరియొకరికి చోటు మిగులునని ప్రతీతి. ఆ గుణము ఈ బస్సులకంటె మన సిటీబస్సులకే ఎక్కువగా అబ్బినదని నా అభిప్రాయము. 2019వ సంవత్సరము నుండి ఈ పని కొరకు విద్యుత్తుతో నడచు బస్సులను కూడ ప్రవేశపెట్టిరి. వానియందు ఇంజను మ్రోత లేదు, పొగ లేదు. ఒకటి సికింద్రాబాదు వైపు, మరియొకటి గచ్చిబౌలి మీదుగా కూకట్‌పల్లి, మియాపూరు వైపు, ఇట్లు వేర్వేరు దారులు పట్టును. బస్సు నుదుట నున్న బోర్డును చదివి, ‘ఇది మా పేట మీదుగా పోవునా?’ అని ఒక్కమాట అడిగి ఎక్కవలెను. అడుగుటకు సిగ్గుపడరాదు. బోర్డుపై చివరి ఊరు మాత్రమే పెద్ద అక్షరములలో నుండును. మనము దిగవలసినది తఱచుగా నడుమ నుండును.

ఇక ట్యాక్సీ సంగతి. బస్సులో మనిషికింత అని ఛార్జి, ట్యాక్సీలో బండికింత. ఒంటరిగా వచ్చినవానికి బస్సు చవుక. నలుగురు కలిసి, పెట్టెలతో వచ్చినచో, ట్యాక్సీ ఛార్జిని నలుగురికి పంచి చూడవలెను. అప్పుడు వ్యత్యాసము అంతగా కనబడదు. ట్యాక్సీలలో ముందుగా పైకము చెల్లించునది ఒకటి. కౌంటరులో ఊరు చెప్పినచో ధర కట్టి, బండి నంబరు వ్రాసిన రసీదు నిత్తురు. ఆ రసీదును ఇల్లు చేరువరకు చేతనుంచుకొని, దిగిన తరువాతనే డ్రైవరునకు ఇయ్యవలెను. అది అతని చేతికి ముందుగా పోయిన, మన మాటకు బలము తగ్గును. సెల్‌ఫోను ద్వారా పిలుచు కార్లు మరియొక రకము. అందు ధర ముందే తెలియును. ఫోనులో కనబడిన నంబరును కారుపై నున్న నంబరుతో సరిచూచి, ఆ తరువాతనే ఓటీపీ అంకెలు చెప్పవలెను. కిరాయికి తిరుగు కారు నంబరు పలక పసుపుపచ్చ రంగుపై నల్లని అక్షరములతో నుండును. విద్యుత్తు కారైనచో ఆకుపచ్చపై పసుపు అక్షరములుండును. తెల్లని పలక గలది సొంత కారు. దానిని కిరాయికి త్రిప్పుట చట్టవిరుద్ధము. ఏ రకమైనను, టోలు రుసుము చెప్పిన ధరలో చేరినదా, వేరుగా ఇయ్యవలెనా అని బండి కదలకముందే అడుగుట మంచిది.

ఇంత వివరముగా ఎందుకు చెప్పుచున్నానో వినుడు. నావద్ద చదువుకొనిన బాలుడొకడు పెద్దవాడై దుబాయి వెళ్లి కట్టడపు పనిలో కుదిరెను. జగిత్యాల, కరీంనగరము, నిజామాబాదు ప్రాంతముల పల్లెలనుండి ఇట్లు గల్ఫు దేశములకు పోయినవారు వేలకొలది కలరు. మూడేండ్లకు సెలవు దొరికి, వాడు అర్ధరాత్రి దాటిన పిదప శంషాబాదులో దిగెను. ఎవడో ఎదురుగా వచ్చి, “అన్నా, ఎక్కడికి? మన బండే ఉన్నది, రా” అని సామానుబండిని తానే తోసికొనిపోయెను. పోయి చూడగా తెల్లపలక కారు. ధర మాటలాడకయే మనవాడు అందులో నెక్కెను. సగము దారిలో డ్రైవరు చెప్పిన మొత్తము విని గుండె ఝల్లుమనినది. ఆ చీకటిలో దిగిపోలేక అడిగినంతయు నిచ్చెను. తల్లికి కమ్మలు కొనుటకు దాచిన సొమ్ము అందులో పోయినది.

మరునాడు నన్ను చూడవచ్చి, “సార్, మూడేండ్లు ఆ దేశంల నన్నెవరు మోసం చెయ్యలే. ఇంటికొచ్చే తొవ్వల మోసపోయిన” అనెను. నేను వానికి సంధులు చెప్పితిని, సమాసములు చెప్పితిని, ఛందస్సు చెప్పితిని. బస్సు బోర్డు చదువుకొనుట, రసీదు అడుగుట ఎన్నడును చెప్పలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

వానికి తెలియవలసినది నిజమునకు చిన్న సంగతి. కరీంనగరము, జగిత్యాల, నిజామాబాదు పోవు బస్సులు సికింద్రాబాదులోని జూబిలీ బస్సుస్టేషను నుండి బయలుదేరును. కావున అట్టివారు సికింద్రాబాదు దారి పట్టవలెను. నల్లగొండ మున్నగు వైపులకు పోవువారు మహాత్మాగాంధీ బస్సుస్టేషనుకు పోవలెను. మహబూబ్‌నగరము, కర్నూలు పోవువారు మాత్రము నగరములోనికి రానక్కరలేదు. వారి రహదారి శంషాబాదు మీదుగానే పోవుచున్నది. నగరమునకు వచ్చి బస్సెక్కి మరల అదే శంషాబాదు మీదుగా పోవువారిని నేను కన్నులార చూచితిని!

రైలు లేదా అని కొందరికి సందేహము కలుగవచ్చును. శంషాబాదు సమీపమున ఉందానగర్ అను రైలుస్టేషను కలదు గాని, అది విమానాశ్రయములో లేదు. దానికి చేరుటకు మరల ఒక బండి కావలెను. మెట్రో రైలు మార్గమునకు 2022 డిసెంబరులో శంకుస్థాపన జరిగినది. తరువాత ఆ మార్గమును మార్చిరి. కనుక నేటికిని బస్సు, ట్యాక్సీలే గతి.

రెండవసారి సెలవుపై వచ్చినప్పుడు నా శిష్యుడు తెల్లవారుజామున నాకు ఫోను చేసెను. “సార్, పుష్పక్ ఎక్కిన. సికింద్రాబాదు పోతదని రెండుసార్లు అడిగే ఎక్కిన” అనెను. ఏడు గంటలకు మరల ఫోను వచ్చినది. జగిత్యాల బస్సులో కిటికీ ప్రక్క సీటు దొరికినదట.