బరువు తగ్గుట – దాని నిజమైన కొలతలు

బరువు తగ్గదలచినవాడు మొట్టమొదట కొని తెచ్చుకొనునది బరువు చూచుకొను మిషను. హైదరాబాదు ఆగ్నేయ భాగమున అల్మాస్‌గూడలో నివసించు ఒక ఉపాధ్యాయుడు, 160 సెంటీమీటర్ల పొడవు, 76 కిలోల బరువు గలవాడు, అన్నము కొంత తగ్గించి ప్రతి ఉదయము అరగంట వడిగా నడుచుచున్నాడనుకొనుడు. మొదటి వారము చివర మిషను 74 చూపినది, ఇంటిల్లిపాదియు సంతోషించిరి. రెండవ వారము చివర అది 74.5 చూపినది. పడిన శ్రమ అంతయు వృథా అయినదని అతనికి తోచును. చాలమంది నడక మానివేయునది సరిగా ఇచ్చటనే. కాని ఆ సంతోషమునకు గాని, ఈ నిరాశకు గాని ఆ అంకెలో తగిన ఆధారము లేదు.

మనుష్యుని బరువు ఏ రెండు గంటలును ఒక్కతీరున నుండదు. ఈ సంగతిని మొదట శ్రద్ధగా పరిశీలించినవాడు ఇటలీ దేశపు వైద్యుడు సాంటోరియో. ఆయన ఒక కుర్చీని పెద్ద త్రాసునకు వ్రేలాడదీసి, అందు కూర్చుండి, సుమారు ముప్పది సంవత్సరములపాటు తన బరువును, తిన్న ఆహారమును, విసర్జించిన మలమూత్రములను తూచుచు వచ్చెను. ఫలితములను 1614లో ప్రకటించెను. లోనికి పోయినదానిలో పెద్ద భాగము కంటికి కనబడకుండ చర్మము నుండియు, శ్వాస నుండియు వెడలిపోవుచున్నదని ఆయన గ్రహించెను. ఇంతటి ఓపిక గల పరిశోధకులు అరుదు.

అరలీటరు నీరు త్రాగి మిషను ఎక్కినచో బరువు అరకిలో పెరిగియుండును. కొవ్వు మాత్రము రవంతయు పెరగదు. పచ్చడితో ఉప్పు ఎక్కువగా తిన్న మరునాడు శరీరము నీటిని నిలుపుకొనును. ఇంతకంటె ముఖ్యమైనది గ్లైకోజన్ సంగతి. కాలేయమునందును, కండరములందును నిలువయుండు ఈ పిండిపదార్థము ఒక్కొక్క గ్రాముతో సుమారు మూడు గ్రాముల నీటిని పట్టియుంచును. తిండి తగ్గింపగనే మొదట ఖర్చగునది ఇదియే. అందుచేత మొదటి వారపు రెండు కిలోలలో అధికభాగము నీరే. తరువాత వచ్చిన అరకిలోయు చాలవరకు నీరే. ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కిలోకాలరీల శక్తి ఇమిడియున్నది. అరగంట నడకలో ఖర్చగునది సుమారు 150. కనుక నిజమైన కొవ్వు మెల్లగనే కరుగును, మెల్లగనే పేరుకొనును. వారమున కొకసారి, ఉదయము, మలమూత్ర విసర్జన పిమ్మట, పరగడుపున తూచుకొని, నెలల వరుసను చూచినచో త్రాసు ఉపయోగపడును.

కరిగిన కొవ్వు ఎక్కడికి పోవును? వేడిగా మారునని కొందరు, చెమటగా పోవునని కొందరు చెప్పుదురు. 2014లో ఆస్ట్రేలియాకు చెందిన మీర్మన్, బ్రౌన్ అనువారు ఈ లెక్క కట్టి చూపిరి. సగటు కొవ్వు అణువులో 55 కర్బన పరమాణువులు, 104 ఉదజని పరమాణువులు, 6 ప్రాణవాయు పరమాణువులు కలవు. అది 78 ప్రాణవాయు అణువులతో కలిసి దహింపగా 55 బొగ్గుపులుసు వాయువు అణువులును, 52 నీటి అణువులును ఏర్పడును. వారి లెక్క ప్రకారము 10 కిలోల కొవ్వులో 8.4 కిలోలు శ్వాసతో బొగ్గుపులుసు వాయువుగా పోవును, మిగిలిన 1.6 కిలోలు నీరగును. రసాయన శాస్త్రము బోధించువారు తరగతిలో చేయింపదగిన లెక్క ఇది. అయితే ఊరకే గబగబ ఊపిరి తీసినంత మాత్రమున కొవ్వు కరగదు. కండరములు పని చేయవలెను.

మిషను చూపు అంకెకు మరియొక లోపము కూడ కలదు. కిలోలలోని బరువును మీటర్లలోని పొడవు యొక్క వర్గముతో భాగించు సూచిక 19వ శతాబ్దమున బెల్జియం దేశపు గణిత శాస్త్రజ్ఞుడు కెట్లే చూపినది. పూనా వైద్యుడు యాజ్నిక్, లండన్ వైద్యుడు యుడ్కిన్ ఇద్దరికిని ఈ సూచిక 22.3. కాని శరీరములో కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతము, యాజ్నిక్‌కు 21.2 శాతము! ఈ విడ్డూరమును వారే 2004లో ప్రకటించిరి. మన దేశీయులకు పొట్టచుట్టు కొవ్వు త్వరగా చేరును. అందుకే నడుము చుట్టుకొలత పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటరాదని వైద్యులు హద్దు పెట్టిరి. చివరి ప్రక్కటెముకకును తుంటి ఎముకకును నడిమిభాగమున, ఊపిరి మామూలుగా విడిచిన పిమ్మట, దర్జీ టేపుతో కొలువవలెను.

అల్మాస్‌గూడ ఉపాధ్యాయునికి అన్నిటికంటె ఊరట కలిగింపగలది మదరాసు నగరపు ఫలితము. చక్కెర వ్యాధి అంచున నున్న 531 మందిపై అచ్చటి రామచంద్రన్ బృందము నడిపిన పరిశోధన 2006లో వెలువడినది. దాదాపు మూడేండ్లలో, ప్రత్యేక సలహా ఏదియు లేని వారిలో 55 శాతమునకు ఆ వ్యాధి వచ్చినది. వడిగా నడచి, చక్కెరను, కొవ్వును, పొట్టు తీసిన ధాన్యమును తగ్గించినవారిలో 39.3 శాతమునకే వచ్చినది. వింత యేమనగా ఈ రెండవవారి బరువు చెప్పుకొనదగినంత తగ్గలేదు! త్రాసు మౌనముగా నున్నను లోపల మేలు జరుగుచునే యున్నది.

కనుక పండుగ చేసికొనవలసిన ఘట్టములు వేరుగ నున్నవి: నడుము రెండు సెంటీమీటర్లు తగ్గుట, బెల్టునకు మరియొక రంధ్రము పొడువవలసి వచ్చుట, మూడు అంతస్తుల మెట్లు ఆగకుండ ఎక్కుట, ఉదయము లేవగనే చూచుకొను నాడి 82 నుండి 74కు దిగుట. వీనిని తేదీలతో ఒక నోటు పుస్తకమున వ్రాసికొనవచ్చును. పండుగ అనగానే మిఠాయి గుర్తుకు వచ్చుట మన అలవాటు. ఒక మోస్తరు లడ్డూ ఆనాటి అరగంట నడకను తుడిచివేయును. క్రొత్త చొక్కా కుట్టించుకొనుట మేలు, పాతది ఎట్లును వదులగును.

ఇది యంతయు పెద్దలకు మాత్రమే. పెరుగుచున్న విద్యార్థి బరువు పెరుగుట సహజము. వయస్సును బట్టి వారి కొలతలు వేరు. తరగతి ఎదుట బాలబాలికల బరువులు చదివి వినిపించుట కూడని పని. దానికి బదులు మైదానము చుట్టు పరుగెత్తించి, నాడి మామూలు స్థితికి వచ్చుటకు పట్టిన నిమిషములను ఎవరికి వారే వ్రాసికొని, నెల తరువాత తమ అంకెతోనే పోల్చుకొనునట్లు చేయవచ్చును.