పాత స్మార్ట్ రింగ్ ఇప్పుడు కొనొచ్చా?

తగ్గింపు ధరల సీజన్ వస్తే మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న: ‘ఔరా మూడో తరం రింగ్ చవగ్గా వస్తోంది, తీసుకోవచ్చా?’ డాలస్‌లో నేనూ ఇదే లెక్క వేస్తున్నాను. నాకొకటి, గుంటూరులో నాన్నగారికొకటి కొందామని ఆలోచన.

ఈ రింగ్ 2021లో వచ్చింది. నాలుగో తరం 2024 అక్టోబరులో వచ్చింది. నిద్ర, గుండె వేగం, ఒంటి ఉష్ణోగ్రతలో తేడాలు, రక్తంలో ఆక్సిజన్... ఇవన్నీ పాతదీ చూస్తుంది. దాని లోపలివైపు సెన్సర్ల దగ్గర చిన్న బుడిపెలుంటాయి. కొత్తదానిలో అవి లేవు. పాతది 6 నుంచి 13 సైజుల్లోనే దొరుకుతుంది, కొత్తది 4 నుంచి 15 వరకు ఉంది. నిద్ర సంగతి తెలుసుకోవడానికే అయితే పాతది చాలు.

కానీ ధర చూసి మురిసిపోకండి. చందా కట్టకపోతే చాలా వివరాలు కనిపించవు. అమెరికాలో అది నెలకు 5.99 డాలర్లు, ఏడాదికి ఒకేసారి కడితే 69.99. రింగ్ 200 డాలర్లకే దొరికిందనుకున్నా మూడేళ్లకు ఖర్చు దాదాపు 410 అవుతుంది. శామ్‌సంగ్ గెలాక్సీ రింగ్‌కు చందా లేదు, కాకపోతే ఐఫోన్‌తో పనిచేయదు.

రెండోది బ్యాటరీ. దాన్ని మార్చడం కుదరదు. లిథియం బ్యాటరీ వాడకుండా పెట్టెలో ఉన్నా దాని సత్తువ తగ్గుతూనే ఉంటుంది. అందుకే ఒకరు వాడినది వద్దు. సీల్ తీయనిది, వారంటీ, వాపసు సౌకర్యం ఉన్నదైతేనే తీసుకోండి. ముందుగా సైజింగ్ కిట్ తెప్పించుకుని ఒక పగలూ రాత్రీ పెట్టుకుని చూడండి. ఈ రింగును కంసాలి దగ్గర సాగదీయించలేం.

నాన్నగారి విషయం వేరు. ఆయనకు షుగర్ ఉంది. ‘సూది గుచ్చకుండా ఉంగరమే షుగర్ చెబుతుందట కదరా?’ అని ఫోన్లో అడిగారు. చర్మానికి గుచ్చకుండా షుగర్ కొలుస్తామనే వాచీలు, రింగులు వాడొద్దని అమెరికా ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. అలాంటి వాటికి తాము అనుమతి ఇవ్వలేదని కూడా చెప్పింది. తప్పుడు అంకె నమ్మి ఇన్సులిన్ ఎక్కువ తీసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

అందుకే నా లెక్క తేలింది. మంచి ధరకు కొత్త పెట్టె దొరికితే నాకు పాత రింగ్. నాన్నగారికి మాత్రం గ్లూకోమీటరు, ఏడాదికి సరిపడా స్ట్రిప్పుల డబ్బు.