పింఛను ఫండ్ డబ్బులో పిల్లల వాటా

మీరు ఉద్యోగంలో చేరిన రోజు పింఛను ఫండ్ వాళ్లు ఒక నామినేషన్ ఫారం ఇచ్చి ఉంటారు. అందులో ఎవరి పేరు రాశారో గుర్తుందా? పేరు రాసినవారికే డబ్బంతా వస్తుందని మనలో చాలామంది అనుకుంటారు. దక్షిణాఫ్రికా చట్టం అలా చెప్పదు.

1956 నాటి పింఛను ఫండ్ల చట్టంలో 37సి అనే సెక్షన్ ఉంది. ప్రైవేటు పింఛను ఫండ్‌లో గానీ, ప్రావిడెంట్ ఫండ్‌లో గానీ సభ్యులుగా ఉన్నవారు చనిపోతే అది వర్తిస్తుంది. ఆధారపడినవారు ఉంటే ఆ డబ్బు వీలునామా ప్రకారం పంచరు. ఎవరికి ఎంత ఇవ్వాలో ఫండ్ ట్రస్టీలు తేల్చాలి. అందుకోసం ముందు వాళ్లు ఆధారపడినవారిని వెతకాలి.

ఆధారపడినవారు అంటే ఎవరు? భార్య లేదా భర్త, పిల్లలు, ఇంకా ఆ మనిషి పోషిస్తున్నవారు. పెళ్లి కాకుండా పుట్టిన బిడ్డ, దత్తత తీసుకున్న బిడ్డ, తండ్రి పోయాక పుట్టిన బిడ్డ, అందరూ పిల్లలే. పెద్దవాళ్లయిన పిల్లలనూ లెక్కలోకి తీసుకుంటారు.

ఒక తండ్రి పెళ్లికి ముందు ఫారంలో తన తమ్ముడి పేరు రాశాడనుకోండి. తర్వాత ఇద్దరు పిల్లలు పుట్టారు. ఫారం మాత్రం మార్చలేదు. ఆయన పోయాక ట్రస్టీలు ఆ ఫారాన్ని చూస్తారు, కానీ అదొక్కటే చూడరు. ఎవరి వయసెంత, ఎవరు ఎంతగా ఆధారపడ్డారు, ఎవరికి వేరే ఆదాయం ఉంది అన్నవి కూడా చూస్తారు. అందుకే వాటాలు సమానంగా ఉండకపోవచ్చు. బడికి వెళ్లే బిడ్డకు ఉద్యోగం చేసే బిడ్డకన్నా ఎక్కువ రావచ్చు.

18 ఏళ్లు నిండని బిడ్డ వాటాను సంరక్షకులకు ఇవ్వవచ్చు. లేదా లబ్ధిదారుల ఫండ్ అనే వేరే ఫండ్‌లో ఉంచవచ్చు. అందులోంచి బడి ఫీజులకు, తిండికి, బట్టలకు ఇస్తారు. మిగిలింది బిడ్డ పెద్దయ్యాక తన చేతికి వస్తుంది.

వెతకడానికి చట్టం 12 నెలల గడువు చెబుతుంది. మీరు అమ్మమ్మగానో, నాయనమ్మగానో, మేనమామగానో అలాంటి బిడ్డను పెంచుతున్నారా? ఎవరో వచ్చి అడుగుతారని కూర్చోకండి. మీరే ఫండ్‌కు ఉత్తరం రాయండి. బిడ్డ జనన పత్రం, తండ్రి లేదా తల్లి మరణ పత్రం, బడి నుంచి ఒక ఉత్తరం, ఖర్చుల రసీదులు జత చేయండి. ట్రస్టీల తీర్పు అన్యాయమనిపిస్తే పింఛను ఫండ్ల అడ్జుడికేటర్‌కు ఫిర్యాదు చేయవచ్చు. దానికి రుసుము లేదు.

ప్రభుత్వ ఉద్యోగుల పింఛను ఫండ్‌కు 1996 నాటి వేరే చట్టం ఉంది. ఆ కుటుంబాలు ఆ ఫండ్‌నే అడగాలి.

నాటాల్‌కు వచ్చిన ఓడల జాబితాల్లో తండ్రి పేరు, ఊరి పేరు రాసి ఉండబట్టే మనలో కొందరు తమ ముత్తాతల ఊళ్లు కనుక్కోగలిగారు. మీ ఫారంలో కూడా పిల్లలందరి పేర్లూ రాయండి. ఇంట్లో చెప్పుకోని బిడ్డ ఉంటే ఆ పేరు కూడా రాయండి. ట్రస్టీలు ఆ బిడ్డను వెతకడానికి మీరు రాసిన ఆ పేరే దారి చూపుతుంది.